పదిహేడో నంబరు ఫ్లాస్కు

గురువారం ఉదయం ఏడున్నరకి చాముండేశ్వరి ఎర్రటి పోషకద్రవం సీసాలను వేడినీళ్ల తొట్టెలో పెట్టి, అవి ఒంటివేడికి వచ్చేదాకా పక్కనే నిలబడింది. కిటికీ బయట కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇంకా తెల్లవారలేదు. చలి మైనస్ ఇరవై ఎనిమిది. భర్త నర్సింహ కారులో దింపి వెళ్లి పావుగంటైనా ఆమె ముక్కు కొన ఇంకా మొద్దుబారే ఉంది. గ్లౌజులు తొడుక్కుని, వాటి మీద స్పిరిట్ చల్లుకుని, ఇంక్యుబేటర్ తలుపు తీసింది.

ఆ యూనివర్సిటీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే. మనుషుల కణాలకు తిండి పెట్టడం, మురికి ద్రవం తీసేయడం, గిన్నె నిండితే సగాన్ని మరో గిన్నెలోకి మార్చడం. ఒకప్పుడు తునిలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. ఇక్కడ ఆ డిగ్రీ చెల్లలేదు. గాజుసామాను కడిగే పనిలో చేరి, చూసి చూసి నేర్చుకుని టెక్నీషియన్ అయింది. ఆమె చేతిలో పెరిగే కణాలకు బూజు పట్టదని ల్యాబులో పేరు. పరిశోధనా వ్యాసాల చివర కృతజ్ఞతల్లో ఆమె పేరు మూడుసార్లు వచ్చింది. అందులో రెండుసార్లు స్పెల్లింగ్ తప్పు.

మిగతా ఫ్లాస్కుల్లో ద్రవం ఎర్రగానే ఉంది. పదిహేడో నంబరులో మాత్రం మళ్లీ పసుపు తిరిగింది. ఆ కణాల్లో మైటోకాండ్రియా పనిచేయవు. చక్కెరను పూర్తిగా కాల్చుకోలేక సగంలో వదిలేస్తాయి, మిగిలింది ఆమ్లమై చుట్టూ పేరుకుంటుంది. వాటినే 'కణశక్త్యాగారాలు' అని తునిలో పిల్లల చేత పదేపదే చెప్పించేది. అవి ఆగిపోతే ఏమవుతుందని ఏ పిల్లా అడగలేదు.

నంబరు వెనక పేరు ల్యాబులో ఎవరికీ తెలియకూడదు. కానీ కిందటి వేసవిలో తెలుగువాళ్ల పిక్నిక్‌లో ధరణి అనే అమ్మాయి పక్కన కూర్చుని, "మా పాప స్కిన్ శాంపిల్ మీ ల్యాబ్‌కే పంపారంట ఆంటీ" అంది. నాలుగేళ్ల హర్షిణి మెడ నిలపలేక తల్లి భుజమ్మీద వాలి, చాముండేశ్వరి గాజులకేసి చూసి నవ్వింది. ల్యాబులో నాలుగేళ్ల పిల్ల నమూనా ఒక్కటే ఉంది.

ఇవాళ పదిహేడో నంబరు కణాల మీద మందుల పరీక్ష ఫలితం చూడాల్సిన రోజు. మామూలు చక్కెర తీసేసి, మైటోకాండ్రియా పనిచేస్తే తప్ప బతకలేని మరో చక్కెర పోసి, ఎనిమిది గిన్నెల్లో ఎనిమిది మందులు కలిపి మూడు రోజులైంది. చాముండేశ్వరి ఒక్కో గిన్నే మైక్రోస్కోపు కింద పెట్టింది. బతికున్న కణాలు చేపపిల్లల్లా సాగి అడుగున అతుక్కుని ఉంటాయి. చచ్చినవి గుండ్రంగా ముడుచుకుని పైకి తేలతాయి. మొదటి గిన్నెలో అన్నీ తేలాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోదాంట్లో ఒక మూల పదకొండు కణాలు ఇంకా అడుగునే ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టి, గిన్నెను వేలితో మెల్లగా తట్టింది. అవీ ఊడి పైకి తేలాయి. మిగతా నాలుగింట్లోనూ అన్నీ తేలే ఉన్నాయని చూసి పుస్తకంలో రాసింది.

ప్రొఫెసర్ వచ్చి చూసి నిట్టూర్చాడు. కొత్త మందులు మార్చిలో వస్తాయి, వీటిని బ్లీచ్ చేసేయమన్నాడు. చెడ్డవాడేం కాదు. జనవరి నుంచి మార్చి ఎంత దూరమో ఆయనకు తెలియదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా ధరణి ఫోన్ చేసింది.

"ఆంటీ, రాత్రి పాపని ఐసీయూకి షిఫ్ట్ చేశారు. ఒంట్లో యాసిడ్ పెరిగిపోతోందంటున్నారు. ఈ వారం రిజల్ట్స్ వస్తాయని డాక్టర్ అన్నారు. ఏమైనా తెలిసిందా?"

ఫలితం చెప్పే అధికారం చాముండేశ్వరికి లేదు. ఉంటే మాత్రం ఏం చెబుతుంది?

"ఇంకా చూస్తున్నారమ్మా. నువ్వేమన్నా తిన్నావా?"



"తింటాలెండి ఆంటీ."

డబ్బాలో అన్నం అలాగే ఉండిపోయింది. ఎనిమిది గిన్నెల్లోనూ బ్లీచ్ పోసింది. రంగు క్షణంలో విరిగి నీళ్లలా అయింది. పదిహేడో నంబరు ఫ్లాస్కుకు మాత్రం కొత్త ద్రవం పోసి, ఇంక్యుబేటర్‌లో వెనక అరలో పెట్టింది.

మూడింటికి ధరణి నుంచి మెసేజ్ వచ్చింది: 'ఒకసారి రాగలరా ఆంటీ.'

ఆస్పత్రి రోడ్డుకవతలే. కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా వెళ్లింది. ఐసీయూ గదిలో ఊపిరి యంత్రం ఆపేసి ఉంది. ధరణి భర్త శ్రీహర్ష బయట గోడకానుకుని ఎవరికో ఫోన్‌లో చెబుతున్నాడు. లోపల హర్షిణి నిద్రపోతున్నట్టే ఉంది. చాముండేశ్వరి ఆ బుగ్గను తాకింది. ఇంకా వెచ్చగానే ఉంది. లోపల ఏది ఎంతసేపటికి ఆగుతుందో ఆమెకు తెలుసు. ఆ తెలిసినదాంతో చేయగలిగింది ఏమీ లేదు.

"మందులేవీ పనిచెయ్యలేదు కదా ఆంటీ?" అంది ధరణి. "తిన్నావా అని అడిగారు చూడండి, అప్పుడే అర్థమైంది."

చాముండేశ్వరి పక్కన కూర్చుంది.

"పాప సెల్స్ మీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

"ఒక ఫ్లాస్కు ఉందమ్మా."

"బతికే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మళ్లీ ఎప్పుడు ఫీడ్ చేస్తారు?"

"శనివారం పొద్దున."

"చెయ్యండి ఆంటీ. ఆపెయ్యొద్దు."

ఆ కణాలు కూడా కొన్ని విడతలు విభజన జరిగాక తమంతట తామే ఆగిపోతాయని చాముండేశ్వరి చెప్పలేదు. ధరణి వీపు మీద చెయ్యి వేసి, "చేస్తానమ్మా" అంది.

కాసేపటికి ఇద్దరు నర్సులు వచ్చి, మంచాన్ని మెల్లగా తోసుకుంటూ తీసుకెళ్లారు. ధరణి రైలింగు పట్టుకుని వెంట నడిచింది. చాముండేశ్వరి తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఖాళీ అయిన చోట, పాప వేలి నుంచి తీసేసిన ఆక్సిజన్ కొలిచే క్లిప్పు గోడమీది మానిటర్ తీగకు వేలాడుతోంది. దానిలోపల చిన్న దీపాన్ని ఎవరూ ఆర్పలేదు.