నాకూ దిష్టి తగిలింది

"నీకు దిష్టేంటే? నిన్నెవరు చూస్తారు?" అంది మా అత్తగారు సుబ్బరావమ్మ, నాకెప్పుడు తీస్తారని ఓసారి నవ్వుతూ అడిగితే. పదకొండేళ్లుగా ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని నేను దిష్టి తీయనిది లేదీ ఇంట్లో. మా ఆయనకి, పిల్లకి, ఈనిన గేదెకి, ట్రాక్టరుకి. ఆఖరికి బోరు మోటారుకి కూడా తీయించిందావిడ. తీశాక నిప్పుల మీద వేస్తే ఘాటొచ్చి అందరూ దగ్గాలి. ఘాటు రాలేదా, దిష్టి గట్టిగా తగిలినట్టే.

నిన్న నన్ను ఊరంతా చూసింది! డ్వాక్రా సంఘం తరఫున శిక్షణకెళ్లొచ్చి, మందు కొట్టే డ్రోన్ని మొదటిసారి పక్కవాళ్ల మిరప చేలో ఎగరేశాను. రెండెకరాలు, ఒక్క సాలు వదలకుండా కొట్టాను. గట్టు నిండా జనం. అది పైకి లేస్తుంటే నాకు కేక పెట్టాలనిపించింది.

పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే మా ఆయన శివరామకృష్ణ ఫోన్లో, "మన డ్రోను అదరగొట్టేసిందిరా!" అంటున్నాడు. డ్రోనట! ఎగరేసిందెవరో? ఫోను పెట్టేసి డ్రోను కాలికి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దండ కట్టాడు.

"రెక్కకి తగిలితే విరిగిపోద్దండీ."

"ఏం కాదు. జనం కళ్లన్నీ దాని మీదే ఉన్నయ్. నువ్వు దిష్టి కూడా తియ్యి హారికా."

చీపురు పడేశాను. దండ విప్పి ఆయన చేతిలో పెట్టాను. "దానిక్కాదు, నాకు తియ్యండి. మీరే తియ్యాలి" అని పెరట్లో పీట వేసుకుని తూర్పు ముఖంగా కూర్చున్నాను. లేస్తే ఒట్టు.

"ఇదేం విడ్డూరమే!" అంది అత్తగారు.

"నిన్న ఊరంతా నన్నే చూసింది అత్తయ్యా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. లోపలికెళ్లి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కొడుకు గుప్పిట్లో పోసింది. "మూడుసార్లు తిప్పరా. అట్టా కాదు, తల చుట్టూ!"

ఆయన తిప్పలుపడి తిప్పి, నీళ్ల పొయ్యిలో పడేశాడు. దగ్గు కోసం ముగ్గురం కాచుకున్నాం. ఘాటు లేదు. మా చేలో కాయలవి, రెండు వేస్తే వీధంతా దగ్గుతుంది. అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"అమ్మో, ఎంత దిష్టే నీకు!"

నా ఒళ్లంతా పులకరించింది.

ఆ పొయ్యి రోజూ వెలిగించేది నేనే. బూడిద కింద నిప్పులు అప్పటికే ఆరిపోయాయని నాకు తెలుసు. చెప్పలేదు.