పాత ఫోను గొట్టం

చేసిన పని చూసి కోడలు మురిసిపోతుందనుకున్నాడు బలరాం. అరవై దాటినా మెచ్చుకోలు మీద మోజు తీరని మనిషి. మధ్యాహ్నం కోడలు నీలిమ కునుకు తీస్తుంటే, హాల్లో గోడకున్న పాత టెలిఫోను పెట్టె మూత విప్పి, ఏనాడో మూగబోయిన ఫోను వైరునంతా గొట్టంలోంచి బయటికి లాగేశాడు. దుమ్ము తుడిచి, చుట్ట చుట్టి, ముడేసి మరీ పక్కన పెట్టాడు. హిందీ ఊరికి వలసొచ్చి స్టీలు ప్లాంటులో కేబుళ్లు వేసే ముఠాలో బతుకంతా గడిపినవాడాయె. కొత్త కేబులు వేసే ముందు చచ్చిన కేబులు తీసెయ్యాలన్నది అక్కడ ఆయనకి అబ్బిన వేదం.

సాయంత్రం నీలిమకి కొత్త లైను వెయ్యడానికి వచ్చిన ఇంటర్నెట్టు మనిషి పెట్టెలోకి టార్చి కొట్టి, "అంకుల్‌జీ, పురానా తార్ కిధర్ హై?" అన్నాడు. బలరాం గర్వంగా చుట్ట చూపించాడు. ఆ మనిషి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ పాత వైరు కొసకి కొత్త కేబులు కట్టి లాగితే, అదే దీన్ని గోడలోంచి పైకి తెచ్చేది. ఇప్పుడు మిగిలింది ఉత్త గొట్టం. పైనుంచి స్ప్రింగు తీగ దూర్చి చూశాడు, వంపు దగ్గర మొరాయించింది. పోనీ బయట గోడ మీదుగా వేద్దామా అంటే, వైశాలి నగర్‌లోని ఆ అపార్టుమెంటుకి కొత్తగా రంగులేయించిన కమిటీ ఒక్క వైరు కూడా వేలాడకూడదని పట్టుబట్టి కూర్చుంది.

పాప పుట్టాక మానేసిన ఉద్యోగం లాంటిదే నీలిమకి మళ్లీ ఇన్నాళ్లకి దొరికింది. ఇంట్లో కూర్చుని చేసుకునేదే. కానీ బల్ల దాకా వైరు ఉండాలి, గాల్లో వచ్చే సిగ్నలు చెల్లదన్నారు. రేపు పొద్దున్నే లైను పరీక్ష చేస్తారు. అప్పటికి లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఆ పిల్ల ఒక్క మాట తూలలేదు. "కోయీ బాత్ నహీ మావయ్యా. ఇంకో జాబ్ చూసుకుంటాను. నా కోసమే కదా మీరు చేసింది," అని వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. ఆ గిన్నెల చప్పుడు వింటూ కూర్చోవడం బలరాం వల్ల కాలేదు.

"కింది ఫ్లాటులో పెట్టె తెరిస్తే అక్కణ్ణించి తీగ ఎక్కుతాదంట గదా," అంది భార్య కన్నమ్మ. "ఎల్లి దుర్గారావన్నయ్యనడుగు."

"నానెల్లను."

"వైరు పీకింది ఎవులు? నానా?"

దుర్గారావు ప్లాంటులో క్రేను నడిపేవాడు. కింద నిలబడి ఆయనకి కేకలేసేవాడు బలరాం. ఒకళ్లని విడిచి ఒకళ్లు ఉండలేక ఒకే బిల్డింగులో ఇళ్లు కొనుక్కున్నారు. అలాంటిది దుర్గారావు రిటైరైన రోజు సభలో బలరాం మైకు పుచ్చుకున్నాడు. సరుకు గాల్లో వేలాడుతుండగా దుర్గారావు క్యాబిన్లో గుర్రుపెట్టి నిద్రపోయిన కథ చెప్పాడు. సభంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది దుర్గారావు కొత్త వియ్యంకుడు. రెండేళ్లయింది, మళ్లీ మాటల్లేవు.

ఇంటర్నెట్టు మనిషిని వెంటబెట్టుకుని బలరాం మెట్లు దిగాడు. తలుపు తీసిన దుర్గారావు ముఖం గోడలా ఉంది.

"మా కోడలి నౌకరీ పోతాది. నీ గోడలో పెట్టె ఓపాలి తెరువు," అన్నాడు బలరాం.

దుర్గారావు ఆయన్ని దాటి వెనక్కి చూశాడు. ఇంటర్నెట్టు మనిషిని "ఆవో భయ్యా," అని లోపలికి పిలిచి, భార్య వైపు తిరిగాడు. "చిన్నమ్మలూ, వొచ్చినాయన్ని పైకెల్లి పెట్టెకాడ కూకోమను. కింద నుంచి ఇక్కడి దాకా నా పాత వైరుంది, దానికి కట్టి లాగుదుం. ముందే పీకేసుకోడానికి నానేటి కేబుల్ ముఠావోణ్ణా?"

తగలాల్సిన చోటే తగిలింది. బలరాం పైకొచ్చి గొట్టం దగ్గర చతికిలబడ్డాడు. కాసేపటికి, కింది నుంచి ఎక్కించిన స్ప్రింగు తీగ కొస వంపు దాటి గొట్టంలోంచి తొంగి చూసింది. దాని వెనకే రావాలి కేబులు. వెంటనే గొట్టంలోంచి దుర్గారావు గొంతు వినిపించింది.

"హబేస్!"

ఎత్తమని క్రేను కేక. మనిషితో మాటల్లేవు గానీ పని కేకకి పంతమేమిటి! బలరాం లాగాడు. కంగారులో బలంగా లాగాడు.

"ఆరియా! ఆరియా, తెగుతాది!"

దించమని కేక. బలరాం వదులు చేశాడు. పెట్టె దగ్గరికి వంగి గొట్టంలోకి మాట్లాడాడు. "దుర్గా, ఆ దినం మైకులో ఆ మాట నాననకూడదు. నీ పరువు తీసీనాను. అందరూ నవ్వుతుంటే ఉబ్బిపోనాను. తప్పు నాదే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ముందు లైను లాగు," అంది కింది గొంతు. "ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని. హబేస్!"

కేబులు బుసబుసా బయటికొచ్చింది. నీలిమ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి దాని కొస పట్టుకుని, "ఆ గయా మావయ్యా!" అని చిన్నపిల్లలా గెంతింది. మర్నాడు పరీక్షలో లైను నెగ్గింది, నీలిమా నెగ్గింది.

సోమవారం ఆమె తలుపేసుకుని పనిలో కూర్చుంది. గది బయట బలరాం కుర్చీ వేసుకుని కాపలా. కన్నమ్మ కుక్కరు పెట్టకూడదు, పాప నవ్వకూడదు. దుర్గారావు పైకొచ్చి, చెప్పులు గుమ్మంలో విడిచి, పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చెవుల్లో గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు.

కాసేపటికి నీలిమ తలుపు తీసింది. ఇద్దరూ దొంగల్లా నోళ్లు మూసుకున్నారు.

"మావయ్యా, నేను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను, మీ గోల నాకు వినిపించదు," అంది. "ఇద్దరూ గట్టిగానే మాట్లాడుకోండి."