ముప్పై ఒకటో నంబరు ముద్ర

షాపు తలుపు తీయడమే ఆలస్యం, చెల్లెలు లోపలికి దూసుకుపోయింది. వాడేసినవీ, కొన్నాక నచ్చక తిరిగిచ్చేసినవీ, గుడారాలు, వీపు సంచులు, కొండలెక్కే బూట్లు, అన్నీ సగం ధరకి అమ్మేది ఏడాదిలో ఈ ఒక్కరోజే. ఎందుకు వాపసు వచ్చిందో ఒక్కోదానికీ చీటీ అంటిస్తారు. ‘గుడారం: ఒక మేకు తక్కువ.’ ‘టార్చి: బాగానే ఉంది, మా ఆవిడకి నచ్చలేదు.’ ఇంకో రోజైతే అవి చదువుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇవాళ అంత తీరిక లేదు.

రేపు పొద్దున ఆరింటికి అక్క నడక బృందం కొండకి బయల్దేరుతోంది. అక్క కుడికాలు ఎనిమిదో నంబరు. చిన్నప్పటి జ్వరం పుణ్యమా అని ఎడమకాలు ఆరు దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడూ ఎనిమిది కొనడం, ఎడమదాంట్లో గుడ్డలు కుక్కుకోవడం. పోయినేడాది కొండ దిగుతుంటే ఆ గుడ్డల బూటే జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ‘కాలికి సరిపడే బూట్లుంటేనే రా’ అని బృందం పెద్ద ఈసారి తెగేసి చెప్పింది. ఒక్క మనిషికి రెండు జతలు కొనే తాహతు అక్కచెల్లెళ్ళిద్దరికీ లేదు.

“అక్కా! దొరికాయే!” చెల్లెలు కేక పెట్టింది.

చీటీ మీద ‘రెండూ ఒక సైజు కావు. ఒకటి ఆరు, ఒకటి ఎనిమిది’ అని ఉంది. అక్క గబగబా స్టూలు మీద కూర్చుని కాలు దూర్చింది. తీరా చూస్తే ఎడమది ఎనిమిది, కుడిది ఆరు.

“నన్ను అద్దంలో చూసి పంపినట్టున్నారే,” అని నవ్వింది గానీ, పాపం, మొహం వాడిపోయింది.

చెల్లెలు డబ్బా మూత తిరగేసింది. లోపల నీలం ముద్ర, ముప్పై ఒకటి. పద్నాలుగేళ్ళుగా బూట్ల కంపెనీలో ప్యాకింగ్ బల్ల దగ్గర ఆ ముద్ర కొట్టేది తనే! పని తొందరగా తెమలాలని రెండు డబ్బాలు తెరిచి పెట్టుకుని నాలుగు బూట్లూ ఒకేసారి సర్దడం తనకి అలవాటు. ఇందులో తప్పు బూటు పడిందంటే, పక్క డబ్బాలో ఎడమ ఆరు, కుడి ఎనిమిది పడి తీరాలి.

“దీని తోడుది ఇంకోటుందే! కదలకు!”

కుప్పలన్నీ కలియబెట్టింది. సంచులు కూలాయి, ఎవరో తిట్టారు, ఆమె పట్టించుకుంటేనా? చివరికి కౌంటరు దగ్గర ఒక బస్సు డ్రైవరు గొంతు వినబడింది.

“ఎడమది ఆరు, కుడిది ఎనిమిది! నా కాళ్ళు రెండూ ఒకే తల్లికి పుట్టాయమ్మా! ఏ నిద్రమొహం సర్దిందో గానీ!”

“రసీదు లేదు కదండీ, సగం ధరకి కూపనే ఇస్తాం,” అంది కౌంటరు అమ్మాయి. “ఇవి చెక్ చేసి మళ్ళీ అమ్మకానికి పెట్టేది సోమవారమే.”

సోమవారమా! చెల్లెలు పరుగున వెళ్ళి డబ్బా మీద చెయ్యేసింది. “అన్నా, ఆగండి! వాపసివ్వకండి. ఆ సగం ధరేదో నేనే ఇస్తాను, నోట్లే ఇస్తాను!”

“ఇవి ఎవరికి పనికొస్తాయమ్మా?”

“మా అక్కకి.”

అక్క తొడుక్కుంది. లేసులు బిగించింది. బూట్లు పరీక్షించుకోడానికి షాపువాళ్ళు పెట్టిన చెక్క వాలు ఎక్కింది, దిగింది. జారలేదు. మళ్ళీ ఎక్కింది, చిన్నపిల్లలా ఈసారి పరుగున దిగింది. చెల్లెలికి ఆనందంతో కళ్ళ నీళ్ళు ఆగలేదు.

“ఆ సర్దిన నిద్రమొహానికి ఓ దండం పెట్టాలమ్మా,” అన్నాడు డ్రైవరు, కోపమంతా ఎటు పోయిందో.

“పెట్టండి అన్నా. ఆ నిద్రమొహం నేనే.”

అక్క మూత అందుకుని ముద్ర పక్కనున్న తేదీ చూసింది. “ఇది నేను పడ్డ మర్నాడు కదే.”

“నిన్ను ఆసుపత్రిలో వదిలేసి డ్యూటీకి పోయాను. ఆ రోజంతా కళ్ళ ముందు నీ కాళ్ళే.”

అక్క వంగి పాత బూటులోంచి గుడ్డల ఉండ లాగి కౌంటరు పక్క బుట్టలో పడేసింది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పద, రేపటికి సంచి సర్దుకోవాలి,” అంది. “నువ్వు మాత్రం ముట్టుకోకు.”