తెడ్డు కొసన పిలుపు

మధ్యాహ్నం చేపలమ్ముకుని ఇంటికి రాగానే దానమ్మ నాలుగు కంచాలు కడిగి వేసేది. మామ కాశీరావుకొకటి, కూతురు సత్యశ్రీకొకటి, తనకొకటి, మొగుడు నాగబాబుకొకటి. నాగబాబు వరదలో కనపడకుండా పోయి నెల దాటింది. అయినా కంచం వెయ్యడం మానలేదు. మానడానికి అతను పోయాడని ఎవరన్నారు గనక!

ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఏటి ఒడ్డునే వాళ్ల ఇల్లు. అక్కడ కృష్ణలో మునిగినవాడు, పైనుంచి ఎవరైనా జవాబిచ్చేదాకా అడుగున మాట్లాడుతూనే ఉంటాడు. నీళ్లలోకి తెడ్డు దించి, పైకొస పళ్లతో కరిచి పట్టుకుంటే కాశీరావు వంశంవాళ్లకి ఆ మాట ఎముకల్లోకి ఎక్కుతుంది. ఎవరైనా మునిగారంటే పోలీసు జీపు నేరుగా వాళ్ల గుమ్మంలోకే వచ్చేది. "బాబాయ్, కాస్త విని పెట్టు" అనేవాడు కానిస్టేబులు, కూరలో ఉప్పు చూసిపెట్టమన్నంత మామూలుగా. చచ్చినవాళ్లు వేదాంతం చెబుతారనుకుంటే పొరపాటే. బండికి తాళం వేశానో లేదోనని ఒకడు గొణుగుతుంటాడు, మోటారు కట్టెయ్యమని ఒకామె అరుస్తుంటుంది. కాశీరావు విని, "ఇంకో రెండు బారలు ఎడమకి" అని చెయ్యి చూపిస్తే కుర్రాళ్లు అక్కడే మునిగి తీసేవాళ్లు.

లంకలో చిక్కుకున్న గేదెల కాపరుల కోసం పడవ వేసుకుని వెళ్లాడు నాగబాబు. పడవ బోల్తాపడి తేలింది గానీ మనిషి తేలలేదు. కాశీరావు రోజూ పొద్దున్నే తెడ్డు కరిచి, ఫెర్రీ నుంచి లంకదాకా ఏరంతా విన్నాడు. ఒక్క మాట కూడా వినపడలేదు. "నా కొడుకు ఏట్లో లేడు. ఎక్కడో ఒడ్డెక్కాడు" అన్నాడు. ఆ తెడ్డు ఎన్నడూ తప్పలేదు కాబట్టి దానమ్మ నుదుట బొట్టు అలాగే ఉంది. హనుమాన్ జంక్షన్లో అలాంటి మనిషి లారీలు కడుగుతున్నాడని ఎవరో అంటే బస్సెక్కి వెళ్లి, దాబాలన్నీ తిరిగి, కాళ్లు వాచి వచ్చింది. ఆశ అనేది పాడుది, మనిషిని కూర్చోనివ్వదు.

సత్యశ్రీని తెడ్డు పట్టమని ఎవరూ అనలేదు. పుట్టు చెవిటిదానికి తెడ్డెందుకు? ఆ పిల్లకి పుట్టుకతోనే రెండు చెవులూ మూసుకుపోయాయి. చిన్నప్పటినుంచీ నాగబాబు కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, నడినెత్తిన గడ్డం ఆనించి మాట్లాడేవాడు. అలా అయితేనే ఆమెకి బాగా తెలిసేది. ఎండాకాలంలో విజయవాడలో చెవి పరీక్షల క్యాంపు పెడితే, అక్కడి డాక్టరమ్మ తలకి పట్టీలా కట్టుకునే మిషను ఇచ్చింది. చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్ల ఆనుతుంది. "దారే మూసుకుపోయింది గానీ లోపలి చెవి చక్కగా ఉంది. శబ్దం ఎముక మీదుగా వెళ్తుంది. ఒకటే గుర్తుపెట్టుకో, బిళ్ల ఎముకకి గట్టిగా ఆనాలి. వదులైతే ఏమీ వినపడదు" అంది. ఈ మాట నాగబాబు కూడా విన్నాడు, తలూపాడు. అంతకు కాస్త ముందే, ఉగాదికి, తండ్రి నాటుకోడి కూర నమల్లేక మింగేస్తున్నాడని, ఊగుతున్న పళ్లన్నీ పీకించి పళ్ల సెట్టు కట్టించినవాడు కూడా అతనే. ఎంత తెలివైనవాడికైనా రెండూ రెండు సంగతులనే అనిపిస్తుంది.

ఒకరోజు పొద్దున తాతతో పాటు పడవలో వెళ్లింది సత్యశ్రీ. కాశీరావు తెడ్డు దించి కొస కరిచాడు. కరవగానే పై సెట్టు జారి కదిలింది. బొటనవేలితో పైకి నొక్కుకుని మళ్లీ కరిచాడు. మళ్లీ కదిలింది. వదులైతే ఏమీ వినపడదన్న డాక్టరమ్మ మాట సత్యశ్రీకి గుర్తొచ్చింది. సెట్టు చిగుళ్ల మీద ఊరికే కూర్చుంది, ఎముకకి ఆనలేదు! ఉగాది తర్వాత వరదదాకా ఎవరూ మునగలేదు గనక, ఆ సెట్టుతో తాత తెడ్డు కరవడం నాన్న కోసమే మొదలు.

"తాతా, ఓసారి ఇలా ఇయ్యి."

"నీకెందుకమ్మా?" అంటూనే ఇచ్చాడు ముసలాయన.

పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకుంది. తెడ్డు కొసని చెవి వెనక ఎముకకి అదిమి పట్టింది. నడినెత్తిన గడ్డం ఆనించినప్పుడు ఎలా వచ్చేదో అచ్చం అలాగే వచ్చింది నాన్న గొంతు, తాతని పిలుస్తూ.

"నాన్నా, ఇక్కడున్నా. నీ తెడ్డు కిందే ఉన్నా. వినపడతల్లేదా? నాన్నా, రోజూ వస్తన్నావ్, పోతన్నావ్. ఇక్కడున్నా నాన్నా..."

సత్యశ్రీకి ఏడుపు కూడా రాలేదు. జవాబిస్తే ఆ గొంతు ఆగిపోతుంది, మళ్లీ ఎప్పటికీ వినపడదు. ఇవ్వకపోతే అలా అరుస్తూనే ఉంటాడు. కాసేపు అలాగే విన్నది. తర్వాత తెడ్డు కర్రకి పెదాలానించి, "వస్తన్నాం నాన్నా" అంది. నీళ్లు ఊరుకున్నాయి.

తాతకి పడవలో ఏమీ చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి, కంచాలు వేస్తున్న తల్లి ముందు నిలబడి, నాన్న ఎక్కడున్నాడో, తాతకి ఎందుకు వినపడలేదో చెప్పింది.

దానమ్మ కూతురి చెంప ఛెళ్లుమనిపించింది. "నిన్నెవరు వినమన్నారే! ఎవరడిగారే నిన్ను!" అని, ఆ చేత్తోనే నోరు బాదుకుంటూ గోడవారన కూలబడింది.

కాశీరావు సెట్టు తీసి పిడికిట్లో పట్టుకున్నాడు. బోసినోటితో, తప్పు చేసిన పిల్లాడిలా మనవరాలి ముఖంలోకి చూశాడు. "రోజూ అక్కడే తెడ్డేశాను గదమ్మా. నన్ను... నన్నేమైనా పిలిచాడా?"

నిజం చెబితే ఆ ముసలాయన ఆ పూటే ఏట్లోకి నడుస్తాడు. ఆమెకి ఆ సంగతి చాలా స్పష్టంగా తెలిసింది.

"లేదు తాతా. నిన్ను కాదు, అమ్మని పిలిచాడు."

దానమ్మ ఏడుపు ఆపి తలెత్తింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నాగబాబు ఆమెని 'ఏమే' అనడమే తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు.

"నన్నా? ఏమని?"

"దానమ్మా అన్నాడు."

"పేరు పెట్టే?"

"పేరు పెట్టే."

మర్నాడు ఆ చోటే కుర్రాళ్లు మునిగి నాగబాబుని తీశారు. మొలతాడుకున్న పడవ తాళంచెవిని చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది. పదకొండోనాడు గాజులు తీసేటప్పుడు దానమ్మ చేతులు వెనక్కి లాక్కోలేదు, కేక పెట్టలేదు. కాశీరావు ఇప్పుడు జావ తాగి అరుగు మీద పడుకుంటున్నాడు. పోలీసు జీపు వచ్చి ఆగితే కానిస్టేబులు, "సత్యశ్రీ ఉందా?" అని అడుగుతున్నాడు. నర్సింగులో చేరాలనుకున్న పిల్ల చదువు మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

చేపల తట్ట కడిగి బోర్లించాక, పొద్దు వాలేవేళ దానమ్మ కూతురి పక్కన వచ్చి కూర్చుంటుంది.

"ఇంకోసారి చెప్పవే, ఎలా పిలిచాడు?"

సత్యశ్రీ తల్లి నడినెత్తిన గడ్డం ఆనించి, తండ్రి గొంతులా చేసి, తండ్రి ఎన్నడూ అనని ఆ మాట మళ్లీ అంటుంది.