తెల్ల జెర్సీల సంచి

అది తొంభై నాలుగు, జులై పదో తేదీ, ఆదివారం. ఆ రోజు తిన్నవి ఉడకబెట్టిన కోడిగుడ్లు, బేకరీ రొట్టె, ఉప్పు చాలని బంగాళాదుంపలు. కళ్ళజోళ్ళాయనకు అవి ఇంకా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ తిండి తప్ప ఆ రోజు వాళ్ళకు దక్కింది ఏమీ లేదు. ఊరి రగ్బీ క్లబ్బుకు అదే మొదటి మ్యాచ్. పక్క ఊరి మిల్లు జట్టు వీళ్ళను ఎంత చితగ్గొట్టిందంటే, పాయింట్లు రాసే మనిషి మధ్యలోనే విసుగెత్తి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆ కోలగా ఉండే బంతిని ఊళ్ళోకి తెచ్చింది ఆయన బావమరిది. ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు గానీ, అప్పటికి లారీ స్టీరింగు కూడా సరిగ్గా పట్టని కుర్రాడు. పనికి వెళ్ళిన చోట ఆట చూసి, నేర్చుకుని, బంతి చంకలో పెట్టుకుని దిగాడు. ఊరంతా "గుడ్డాట" అని నవ్వింది. నవ్విన వాళ్ళలోంచే పదిహేను మందిని పోగుచేశాడు. కొత్తగా కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్న బావను కూడా లాక్కెళ్ళాడు. బావ అద్దాలు తీసేస్తే బంతి కనపడదు, పెట్టుకుంటే ఆడనివ్వరు. కాబట్టి ఆయన ఒక్క సీజన్ ఆడి, కాలర్ ఎముక విరగ్గొట్టుకుని, క్లబ్బు సెక్రటరీ అయ్యాడు.

ఆ సాయంత్రం బురద ముద్దల్లా ఉన్న జెర్సీలను సంచిలో కుక్కి ఇంటికి తెస్తే, ఆయన భార్య నడుం మీద చేయి వేసుకుని చూసింది.

"తెల్లవి కొనమని చెప్పిన మహానుభావుడెవరు?"

"నేనే అక్కా," అన్నాడు తమ్ముడు. "తెలుపైతే దూరానికి బాగా కనపడుతుందని."

"నువ్వు పుట్టాక ఒక్క రుమాలైనా ఉతికావా?"

తమ్ముడు బావ వంక చూశాడు. బావ గోడ వంక చూశాడు. ఆవిడ సంచి లాక్కుని పెరట్లోకి వెళ్ళింది.

అప్పట్నుంచి ఆ సంచి వాళ్ళింటిదైంది. ఎవరూ తీర్మానం చేయలేదు, అదే ఆనవాయితీ అయిపోయింది. ఉతికిన చేతులే జెర్సీలు పంచాలన్నది కూడా అలాగే వచ్చింది. ఆదివారం పొద్దున మైదానం అంచున ఆవిడ సంచి ముందు స్టూలు వేసుకుని కూర్చునేది. తమ్ముడు జట్టులోకి ఎవరిని పిలిస్తే వాళ్ళు వెళ్ళి చేతులు చాపాలి. "ముందు గోళ్ళు," అనేది. గోళ్ళు పెరిగి ఉంటే ఎంత మొనగాడికైనా జెర్సీ దక్కేది కాదు. పళ్ళ డాక్టరుగా ఊళ్ళో పేరు తెచ్చుకున్న ఇప్పటి కెప్టెన్ కూడా ఒకసారి గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డవాడే.

ఐదో ఏడు మైదానాన్ని బస్సుల డిపోకు తీసుకున్నారు. ఇటుకల బట్టీ వెనక పల్లంలో ఆడారు. ఆ ఏడు జెర్సీలు తెలుపూ కావు, ఎరుపూ కావు. ఇంకో ఏడు మనుషులు చాలక అవతలి జట్టు నుంచే ఇద్దర్ని అప్పు తెచ్చుకుని ఆడారు. ఆ ఇద్దరే గెలిపించారు. అదే క్లబ్బు మొదటి గెలుపు. తర్వాత ఆడపిల్లల జట్టు కూడా వచ్చింది. వాళ్ళ జెర్సీలు నీలం రంగువి, ఆవిడ పట్టుబట్టి కొనిపించింది. ఇన్నేళ్ళలో గెలిచిన మ్యాచ్‌ల కంటే కట్టించుకున్న పళ్ళే ఎక్కువని క్లబ్బులో ఒక నవ్వు.

ముప్పై ఏళ్ళ పండుగకు ఈ కథంతా కొత్తవాళ్ళకు చెప్పమని కెప్టెన్ అడిగాడు. కళ్ళజోళ్ళాయన సరేనన్నాడు గానీ, మనసులో వేరే మంట ఉంది.

భార్య పోయి రెండేళ్ళయింది. ఆ నెలలోనే బావమరిది వచ్చి, "నీకెందుకు బావా ఈ శ్రమ, మేం చూసుకుంటాంలే," అని సంచి ఎత్తుకెళ్ళాడు. దయతోనే. ఆ దయే ఆయనకు మింగుడుపడలేదు. ఆయన వెనక కిటికీ తెరిస్తే బావమరిది డాబా కనపడుతుంది. ప్రతి సోమవారం అక్కడ పదిహేను జెర్సీలు గాలికి ఊగుతుంటాయి. మొదట్లో తప్పులు వెతికాడు. కాలర్లు లాగి ఆరేయలేదు, చేతులు మెలితిరిగి ఉన్నాయి అనుకున్నాడు. అవేవీ నిజం కావు. కొత్త మిషన్‌లో ఉతికిన జెర్సీలు మునుపటి కంటే తెల్లగా ఉన్నాయి. ఏడో నంబరు వీపు మీద, ఆయన భార్య ఎంత రుద్దినా పోని ఇటుక మరక ఒకటి ఉండేది. అదీ పోయింది. ఆ తర్వాత సోమవారాలు ఆ కిటికీ తెరవడమే మానేశాడు.

"అంకుల్, జెర్సీలు కొత్తవాటిలా మెరిసిపోతున్నాయి చూశారా?" అన్నాడు కెప్టెన్ ఒకరోజు, కళ్ళు పరీక్ష చేయించుకుంటూ.

"కదలకు," అన్నాడాయన. ఆ పూట అన్నం సయించలేదు. ఆ మెరుపు చూస్తే, తన భార్య ఇన్నేళ్ళూ సరిగ్గా ఉతకలేదని ఎవరో డాబా ఎక్కి అరుస్తున్నట్టుండేది. ఇక ఆదివారాలు ఆ స్టూలు మీద బావమరిది భార్య కూర్చుని, "అత్తా, నాకు, నాకు" అని పిల్లలు మూగుతుంటే ఆయనకు చూడబుద్ధయ్యేది కాదు. పాపం ఆవిడ గోళ్ళు చూడటం కూడా మానలేదు. ఆయన మాత్రం మొహం పక్కకు తిప్పుకునేవాడు.

పండుగకు ముందు ఆదివారం మ్యాచ్ అయ్యాక బావమరిది అవతలి జట్టును బస్సెక్కించడానికి వెళ్ళాడు. అతని భార్య ఒంట్లో బాగాలేక రాలేదు. సంచి ఒంటరిగా ఉంది.

"నేను పట్టుకెళ్తాలే," అన్నాడు కళ్ళజోళ్ళాయన, దారిన పోయే మాటలా.

"అత్తావాళ్ళింటికేగా?" అన్నాడు కెప్టెన్.

ఆయన వినపడనట్టు స్కూటర్ స్టార్టు చేశాడు.

ఇంట్లో పెద్ద గాబులో సలసల కాగే నీళ్ళు నింపాడు. ఆ మిషన్ తెలుపు ఏపాటిదో చూద్దాం అనుకున్నాడు. సబ్బుపొడి దోసిళ్ళతో పోసి, సంచిని అలాగే బోర్లించి కుమ్మరించి మూత పెట్టాడు. ఆ ఉత్సాహంలో ఆయనకు తట్టని సంగతి ఒకటే. ఇన్నేళ్ళూ ఆ సంచిని మోశాడు, మైదానానికి తెచ్చాడు, తీసుకెళ్ళాడు, మా ఇంటి సంచి అని చెప్పుకున్నాడు. ఒక్క జెర్సీ కూడా ఉతకలేదు. మైదానం మూలల్లో పాతే జెండాలను చుట్టి సంచి అడుగున పడేస్తారని, ముందు వాటిని తీసి పక్కన పెట్టాలని ఆయన భార్యకు తెలుసు. ఈయనకు తెలియదు. ఈ ఏడు జెండాలు కొత్తవి. నూలువి. ఎర్రవి.

మూత తీసేసరికి గాబు నిండా గులాబీ రంగు.

చల్లటి నీళ్ళతో జాడించాడు. ఉప్పు వేశాడు. నిమ్మకాయ పిండాడు. ఎంత పిండితే అంత ముద్దుగా తయారయ్యాయి జెర్సీలు. పెరట్లో పీట మీద కూలబడి, "ఏమేవ్," అని పిలవబోయి నోరు మూసుకున్నాడు.

సాయంత్రం తడి సంచి భుజాన వేసుకుని బావమరిది గడప ఎక్కాడు. బావమరిది ఒక జెర్సీ తీసి పైకెత్తి చూశాడు.

"ఊరందరికీ కళ్ళు పరీక్ష చేస్తావు కదా బావా. ఎర్ర జెండా కనపడలేదా?"

"నోర్ముయ్ రా."

"కాదు, డ్రైవింగు నేర్చుకునే వాళ్ళకు మొదటి రోజు నేను చెప్పేదే అది. ఎర్ర జెండా కనపడితే ఆగాలని."

"మీరు లోపలికెళ్ళండి," అంది భార్య మొగుణ్ణి. ఆవిడకింకా గొంతు పట్టేసి ఉంది. కళ్ళజోళ్ళాయనను కూర్చోమని, తను ఎదురుగా కూర్చుంది. "ఎందుకు తీసుకెళ్ళారన్నయ్యా?"

అబద్ధం ఏదైనా చెబుదామనుకున్నాడు. నోటికి రాలేదు. "కుళ్ళమ్మా," అన్నాడు. "మీ డాబా మీద వాటిని చూడలేకపోయాను. మీ వదిన చేతిలో కంటే తెల్లగా ఉన్నాయి."

ఆవిడ తడి చేతులను కొంగుకు తుడుచుకుంది.

"నాకూ ఉండేది," అంది. "పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒక్క వారం నేనుతుకుతాను వదినా అన్నాను. నీకు రాదులే అమ్మాయ్ అంది. ఇరవై ఎనిమిదేళ్ళు అడిగాను. ఒక్క జెర్సీ ముట్టుకోనిచ్చిందా? మైదానంలో అందరూ ఆవిడ చుట్టూ మూగేవారు. నేను నీళ్ళ బిందె పక్కన నిలబడేదాన్ని. మీ అందరికీ ఆవిడ దేవత. నాకు మాత్రం ఆ స్టూలు కనపడితే ఒళ్ళు మండేది."

కళ్ళజోళ్ళాయనకు కోపం రావాలి. రాలేదు. భార్య నడుం మీద చేయి వేసుకుని "నీకు రాదులే" అనడం అచ్చంగా చెవిలో వినిపించింది. ఆ మాట అనగల మనిషే. చనిపోయాక ఆవిడ గురించి ఎవరూ ఇంత నిజం చెప్పలేదు. రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ గదిలోకి నడిచొచ్చినట్టయింది. ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి చెల్లెమ్మ కూడా ముక్కు చీదుకుంటూ నవ్వింది.

"సంచి మాత్రం ఇవ్వనన్నయ్యా. ముందే చెబుతున్నా."

"అడగను."

రంగు పోలేదు. పండుగ మ్యాచ్‌లో జట్టు గులాబీ రంగు జెర్సీలతోనే దిగింది. మిల్లు జట్టు వాళ్ళు ఈలలు వేశారు, పెళ్ళివారొచ్చారన్నారు. వీళ్ళు మళ్ళీ ఓడిపోయారు గానీ, ఈసారి పాయింట్లు రాసే మనిషి చివరిదాకా కూర్చున్నాడు. ఆట అయ్యాక గట్టు మీద కూర్చుని కళ్ళజోళ్ళాయన క్లబ్బు కథ చెప్పాడు. గుడ్డాట నుంచి జెండాల దాకా. భార్య గురించి చెప్పాడు, ఆవిడ పంతం గురించి కూడా. నీళ్ళ బిందె పక్కన ఒక మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడిందనీ చెప్పాడు. కుర్రాళ్ళు వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూశారు. ఆవిడ సంచి సర్దుకుంటున్నట్టు తల వంచుకుంది.

సంచిని ఆయనే మోసుకెళ్ళి బావమరిది ఇంటి గడప లోపల దించాడు. ఒట్టి చేతులతో వెనక్కి తిరిగేసరికి భుజం తేలికైంది, గుండె కాలేదు. రేపు సోమవారం. వెనక కిటికీ తెరిస్తే ఆ డాబా కనపడకుండా పోదు, ఆ కలుక్కుమనడమూ పోదు. కాకపోతే ఈసారి కిటికీ తెరుస్తాడు.

"కాళ్ళు కడుక్కుని ఇక్కడే భోంచేసి పోవచ్చుగా బావా?"

"వద్దులే రా. పొద్దున్నే దుకాణం తీయాలి."

"సరే. చూసుకుని వెళ్ళు."

ఎప్పుడూ దబ్బున తలుపేసే బావమరిది, బావ మెట్లు దిగి వీధి దీపం దాటేదాకా అక్కడే నిలబడి, గడియ చప్పుడు కాకుండా మెల్లగా తలుపు మూశాడు.