పూత పొయ్యి

తెరేసమ్మ తెచ్చిన కాఫీ సగం సాసరులోనే ఉంది. నా కొడుకు శౌరయ్య కప్పు అందుకోకుండా నా వైపు చూశాడు.

"చూశావా అమ్మా ఆ చేతులు? నిన్న కన్నకూతురు రోజమ్మ పేరే మర్చిపోయింది. ఈ పిచ్చిదాన్ని మైలవరంలో వాళ్ళ నాన్న దగ్గర దింపేసొస్తా. పిల్ల మన దగ్గరే ఉంటుంది."

నా కోడలు ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. గుడిలో అందరికంటే గట్టిగా పాడిన మనిషి, ఇప్పుడు ఎవరైనా ఎదురుపడితే తల దించుకుంటుంది. మరుక్షణం గిన్నె విసిరికొడుతుంది.

మాది గుడి పాత్రలకు బంగారు పూత వేసే ఇల్లు. బంగారాన్ని పాదరసంలో కలిపి పాత్రకు రాసి నిప్పుల మీద కాలిస్తే, పాదరసం పొగై పోయి బంగారం నిలుస్తుంది. పూజ పాత్ర కనుక ఇంటి కోడలే పరగడుపున ఆ పొయ్యి ముందు కూర్చోవాలని మా అత్తగారి నియమం. పాత్ర చల్లారాక మగవాళ్ళు వచ్చి, మెరుగు పెట్టి, పేరు తెచ్చుకుంటారు. నేనూ, మా తోడికోడలు అమలమ్మా వంతులు వేసుకుని కూర్చున్నాం. నా చేతులు వణికితే మా ఆయన "ముప్పై ఎనిమిదికే ముసలిదానివయ్యావా?" అని నవ్వాడు. అమలమ్మను మతి పోయిందని చల్లపల్లిలో పుట్టింటికి పంపేశారు. బస్సు కిటికీలోంచి నన్ను చూస్తూ నా పేరు కోసం వెతుక్కుంది. దొరకలేదు. మళ్ళీ నాకు కనబడలేదు.

తర్వాత తెరేసమ్మకు పట్టుచీర కట్టి అక్కడ కూర్చోబెట్టింది నేనే.

పిల్లల వాచకాలు చూసి నేర్చుకున్న చదువు నాది. మొన్న లైబ్రరీ పుస్తకంలో, అద్దాల కార్ఖానాలో పాదరసం పొగ పీల్చిన పనివాళ్ళ సంగతి చదివాను. ఆ పొగ మెదడుకూ నరాలకూ పడుతుందట. చేతుల వణుకు, మతిమరుపు, మనుషులంటే బెదురు. పని మానేసినా ఏళ్ళ తరబడి వదలదట. కారణం లేని కోపం కూడా వస్తుందని రాశారు. కారణం లేదా? నా కోపానికి ఈ ఇంటినిండా కారణాలే.

ఆ పేజీ శౌరయ్యకు చూపించాను. చదవకుండానే మూసేశాడు.

"పుస్తకాల్లో సవాలక్ష రాస్తారమ్మా. తాతల నాటి పని. ఈస్టర్‌కి పాత్ర ఇస్తానని ఫాదర్ గారికి మాటిచ్చా. రేపట్నుంచి రోజమ్మ కూర్చుంటుందిలే, కోడలైతేనేం కూతురైతేనేం, పదకొండు నిండాయిగా."

తెరేసమ్మ చేతిలో ట్రే గలగలలాడింది.

"తెరేసమ్మా, పిల్లదాని బట్టలు సర్దు. నావి కూడా. ముగ్గురం మైలవరం పోదాం" అన్నాను.

ఎందుకు వెళ్తున్నావని నా కొడుకు అడగలేదు. "మరి పొయ్యి ముందు ఎవరు కూర్చుంటారు?" అన్నాడు.

"నువ్వే. నీ చేతులింకా వణకడం లేదుగా."