చీల ఎముకలు

సోడా నీళ్ళలో నానిన పాదం ఎముకలను, డాక్టరు బంగళాలో పనిచేసే లేవి ఒక్కొక్కటే తీసి, కుంచెతో రుద్ది, గుడ్డ మీద ఆరబెడుతున్నాడు. ఎడమ భుజం పొద్దున్నించీ గుంజుతోంది. ఎముకలు మద్రాసు నుంచి రైల్లో చెక్కపెట్టెల్లో వస్తాయి. బతికినన్నాళ్ళూ బూట్లు తొడుక్కున్న వాళ్ళవని డాక్టరు ఒకసారి చెప్పాడు. అప్పటినుంచీ పెట్టె విప్పినప్పుడల్లా ఆ చచ్చినవాళ్ళ మీద లేవికి జాలి పుట్టేది కాదు, కడుపు మండేది.

పాదం నడిమధ్యన మూడు చిన్న ఎముకలుంటాయి. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. బేతంచెర్ల గనుల్లో బండ లేపడానికి లేవి దిగ్గొట్టిన ఇనుప చీలల్లాగే ఉంటాయి. డాక్టర్ తిమ్మారెడ్డికి లోకంలో ఏదైనా ఆ మూడు ఎముకల తర్వాతే. ఆయన బల్ల మీద ఒక మట్టిపలక నమూనా కూడా ఉండేది. దాని నిండా పిచ్చుక అడుగుల్లాంటి గుర్తులు. ఎక్కడో దూరదేశంలో వేల ఏళ్ళ కిందటి రాజుల రాతట. ఆ గుర్తులూ చీలల్లాగే ఉన్నాయని రాతకూ, ఎముకలకూ దొరలు ఒకటే పేరు పెట్టారు, క్యూనిఫారం అని.

"పలక చదివితే రాజుల సంగతి తెలుస్తాది. నీ కాళ్ళు చదివితే చెప్పులెరగని మనిషి సంగతి తెలుస్తాది," అనేవాడు డాక్టరు ఊపులో ఉన్నప్పుడు.

చదవాలంటే ముందు లేవి చావాలి. ఆ ముక్క మాత్రం ఆయన మింగేసేవాడు. పలక పక్కనే అద్దాలపెట్టె ఒకటి సిద్ధంగా ఉంది. అందులో దూది పరిచి, ఆ మూడు ఎముకలకూ తన బొటనవేలితో నొక్కి మూడు గుంటలు చేసి ఉంచాడు. ఆ పెట్టె మీద దుమ్ము తుడవడం కూడా లేవి పనే.

ఇద్దరిదీ ఒకే ఊరు. డాక్టరు తండ్రి బతికున్న కాలంలో లేవి వాడవాళ్ళు రెడ్ల వీధిలోకి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. చేత్తో మోసేదానికి చెప్పులెందుకని లేవి తండ్రి అసలు కొననే లేదు. లేవి కూడా కాలుతున్న గనిలో ఉత్తకాళ్ళతో బండలు మోసి, భుజం పడిపోయేదాకా మోసి, మూలబడ్డాడు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయి కర్నూలులో బంగళాలు ఖాళీ అయినప్పుడు డాక్టరు మద్రాసు వదిలి వచ్చి ఒకటి కొన్నాడు. లేవినీ, అతని భార్య రాహేలమ్మనూ పిలిపించి పెరట్లో గది ఇచ్చాడు. బదులుగా కాళ్ళకు ఏమీ తొడగకూడదు, పోయాక ఆ కాళ్ళు తనకు ఇవ్వాలి అన్నాడు. తలదాచుకునే చోటు లేని లేవి తల ఊపాడు.

ఊపాడే గానీ ఆ ఊపిన తల మీద అతనికే కోపం. మొన్న చలికాలంలో కర్నూలు పాతబస్తీకి పోయి చెప్పులు కుట్టించుకున్నాడు. సుఖం కోసం కాదు. చెప్పులేస్తే ఆ మూడు ఎముకలు దగ్గరికి నొక్కుకుపోతాయనీ, చెప్పులెరగని పాదాల మీద డాక్టరు రాస్తున్న పుస్తకం బూడిదపాలవుతుందనీ అతని నమ్మకం. రోజూ సాయంత్రం తలుపేసుకుని పొయ్యి దగ్గర్నుంచి ట్రంకుపెట్టె దాకా, ట్రంకుపెట్టె దగ్గర్నుంచి పొయ్యి దాకా నడిచేవాడు. విచ్చుకుపోయిన వేళ్ళు పట్టీలో ఇమిడేవి కావు.

"ఏమయ్యా, పొయ్యికాడ చెప్పులేందయ్యా? బుద్ధి ఉండాదా?" అని రాహేలమ్మ తిట్టేది.

"మే, ఊరుకో. పని చేస్తాండా," అనేవాడు.

సోమవారం డాక్టరు అతని పాదాలకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీసుకుంటాడు. ఈ సోమవారం, ఎముకలు కడుగుతున్న లేవిని పిలిచి, సిరా పూస్తూ పూస్తూ ఆగిపోయాడు.

"ఏమిరా ఈ బొబ్బ?"

"చెప్పు కరిసింది సార్."

"ఎవుని చెప్పు?"

"నాదే."

డాక్టరు మొహం కందగడ్డయింది. వంటమనిషీ, తోటమాలీ పరిగెత్తి వచ్చేలా అరిచాడు. "నా పరిశోధనంతా నాశనం చేసినావు గదరా. ఇంక ఆ కాళ్ళు దేనికీ పనికి రావు. పోయి ఆ చెప్పుల్ని పొయ్యిలో పెట్టు. లేదంటే రేపు గది ఖాళీ చెయ్యి."

"మీ నాయన వీధిలో ఏసుకోనియ్యల్యా," అన్నాడు లేవి నెమ్మదిగా. "మీరు ఈడ ఏసుకోనియ్యరు. ఆయప్పకు పెత్తనం, మీకు పుస్తకం. నా కాళ్ళకు రెండూ ఒకటే సార్."

"మా నాయన పేరెత్తద్దు."

లేవి లేచి ఆ సిరా కాళ్ళతోనే నున్నటి వరండా నేల మీద అచ్చులు వేసుకుంటూ నడిచాడు. గదిలో చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చాడు. వరండా ముందు నుంచే, డాక్టరు చూస్తుండగానే, పెద్ద గేటు దాటి బజారులోకి పోయాడు.

కొండారెడ్డి బురుజు దాకా నడిచాడు. ఎవరూ అతని కాళ్ళ వంక చూడలేదు. ఎవరూ వద్దనలేదు. ఇంతేనా అనిపించింది, ఇంతదానికా ఇన్నేళ్ళు అని ఏడుపొచ్చింది. ఏమీ కొనకుండా తిరిగొచ్చి, ఎడమ భుజం పట్టుకుని, గేటు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాహేలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. ఆమె చెంబు కింద పెట్టి అతని కళ్ళు మూసింది.

డాక్టరు వచ్చి నిలబడ్డాడు. నాడి చూశాడు. "రాహేలమ్మా, వాడు నాకు మాట ఇచ్చినాడు."

"చెప్పులెరగని కాళ్ళు ఇస్తానన్న్యాడు సార్. ఇవి బజారు చూసొచ్చిన కాళ్ళు. దేనికీ పనికి రావని పొద్దున మీరే అంటిరి."

కొన్నాళ్ళు చెప్పులేసినంత మాత్రాన ఎముక మారదని ఆయనకు తెలుసు. కానీ నలుగురిలో తాను అరిచిన మాట గొంతుకు అడ్డం పడింది.

సాయంత్రం చర్చివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. గుంట దగ్గర పెద్దమనిషి చెప్పులు విప్పబోతే రాహేలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. చెప్పులతోనే దించారు. ఆమె మళ్ళీ ఆ గదికి రాలేదు.

బంగళాలో మట్టిపలక పక్కన అద్దాలపెట్టె తెరిచే ఉంది. దుమ్ము తుడిచేవాళ్ళు లేక దూది మాసిపోయింది గానీ, బొటనవేలితో నొక్కిన మూడు గుంటలూ ఇంకా పూడలేదు.